విండోస్ కంప్యూటర్‌పై సీ భాషకు ఉచిత కంపైలర్‌ను ఎంచుకునే విధానం

ఇంజినీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ కళాశాలల్లో సీ నేర్చుకునే విద్యార్థులు చాలామందికి టర్బో సీ++ నీలి తెర పరిచయమే గాని, ఆ తెర వెనుక పనిచేసే కంపైలర్‌ను, అంటే మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే సాధనాన్ని, ఎంచుకోవలసిన అవసరం ఎన్నడూ రాదు. ల్యాబులో ముందుగానే ఎక్కించి ఉన్న దానిలో ప్రోగ్రాం టైపు చేసి, ఆల్ట్‌తో ఎఫ్9 నొక్కి కంపైల్ చేసి, కంట్రోల్‌తో ఎఫ్9 నొక్కి నడిపి, వచ్చిన ఫలితాన్ని రికార్డులో రాసుకుంటే ఆనాటి పని పూర్తవుతుంది. అదే పనిని సొంత ల్యాప్‌టాప్‌లో చేయాలనుకున్నప్పుడు మాత్రం ఏది దించుకోవాలి, అది నిజంగా ఉచితమేనా, పుస్తకంలోని ప్రోగ్రాం దానిలో ఎందుకు నడవడం లేదు అనే ప్రశ్నలు ఒక్కసారిగా ఎదురవుతాయి. ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించే. విండోస్ వాడేవారే ఎక్కువ కాబట్టి చర్చ ప్రధానంగా విండోస్ మీదనే సాగుతుంది. ఉబుంటు, మ్యాక్, ఫోన్ గురించి అవసరమైనంత మేరకు చెబుతాను.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం మంచిది. నేర్చుకునే దశలో ఉన్నవారు కంపైలర్‌ను దాని వేగాన్ని బట్టి గాని, తెర అందాన్ని బట్టి గాని ఎంచుకోనక్కరలేదు. మనం చేసిన తప్పును ఎంత తొందరగా, ఎంత స్పష్టంగా, ఏ వరుసలో ఉందో చూపిస్తూ చెబుతుందన్నదే మొదటి కొలబద్ద. లైసెన్సు, భాషా ప్రమాణం, డిస్కులో పట్టే చోటు మొదలైనవన్నీ దాని తరువాతివే.

దించుకోవలసింది ఏమిటి

వెతకడం మొదలుపెట్టగానే విఎస్ కోడ్, కోడ్‌బ్లాక్స్, డెవ్-సీ++, జీసీసీ, మింగ్‌డబ్ల్యూ, విజువల్ స్టూడియో అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇవి ఒకే కోవకు చెందినవి కావు. విఎస్ కోడ్ కేవలం ఎడిటర్. అందులో సీ కంపైలర్ లేదు, దానికి సీ ఎక్స్‌టెన్షన్ జోడించినా కంపైలర్ రాదు. కోడ్‌బ్లాక్స్, డెవ్-సీ++ అనేవి ఎడిటర్‌నూ కంపైల్ చేసే బటన్‌నూ తప్పులు వెతికే డీబగ్గర్‌నూ ఒకే తెర మీద అమర్చిన ఐడీఈలు. వాటి లోపల పనిచేసేది సాధారణంగా జీసీసీయే. అందువల్ల కోడ్‌బ్లాక్స్ మంచిదా, జీసీసీ మంచిదా అని అడగడంలో అర్థం లేదు. కోడ్‌బ్లాక్స్‌ను దించుకునే పేజీలో కంపైలర్‌తో కలిపినదీ కంపైలర్ లేనిదీ రెండూ ఉంటాయి. రెండవది దించుకుని, బటన్ నొక్కినా ఏమీ జరగడం లేదని వాపోయేవారు ప్రతి సంవత్సరమూ కొత్తగా కనిపిస్తూనే ఉంటారు.

విండోస్‌కు సంబంధించి మరొక సంగతి గుర్తుంచుకోవాలి. సీ ప్రోగ్రాంను ఎగ్జిక్యూటబుల్‌గా, అంటే నేరుగా నడిచే ఫైలుగా, మార్చడానికి కంపైలర్ ఒక్కటే చాలదు. హెడర్ ఫైళ్లు, ప్రింట్ఎఫ్ వంటి ఫంక్షన్లు ఉండే సీ లైబ్రరీ, అసెంబ్లర్, లింకర్ కూడా ఉండాలి. లినక్స్‌లో ఇవన్నీ ఒకే ప్యాకేజీ పేరుతో వచ్చేస్తాయి. విండోస్‌లో జీసీసీకి కావలసిన హెడర్లను, లైబ్రరీలను మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 అనే ప్రాజెక్టు అందిస్తుంది. ఆ పేరు మూలమైన పాత మింగ్‌డబ్ల్యూ వేరు, ఈ మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 వేరు. 64-బిట్ ప్రోగ్రాంలు కావాలంటే ఎంచుకోవలసింది రెండవదాన్నే.

టర్బో సీ++ను ఇంటికి ఎందుకు తెచ్చుకోకూడదు

బోర్లాండ్ సంస్థ టర్బో సీని 1987లో విడుదల చేసింది, ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు టర్బో సీ++ వచ్చింది. ఆ రోజులకు అది మెచ్చదగిన సాధనమే. తక్కువ మెమరీలో వేగంగా కంపైల్ చేసేది, ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి మీట నొక్కితే ఉదాహరణతో సహా వివరణ చూపేది. ఆ సహాయపు పేజీలంత చక్కనివి నేటి ఉచిత కంపైలర్లలో చాలావాటికి లేవు. కాని అది 16-బిట్ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కోసం తయారైనది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాంలను నడపదు కాబట్టి, నేడు దొరికే టర్బో మూటలన్నీ డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ లోపల దాన్ని నడిపిస్తున్నాయి. ఆ మూటలను కట్టేది మూల సంస్థ కాదు, ఇతరులు; వాటిలో ఇంకేమి చేర్చారో మనకు తెలియదు.

అంతకన్నా ముఖ్యమైనది అది నేర్పే అలవాట్ల సంగతి. టర్బోలో ఇంట్ పరిమాణం రెండు బైట్లు, అంటే దానిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. ఇంట్ వేరియబుల్‌తో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాస్తే 7 వరకు సరిగా 5040 వస్తుంది; 8 ఇవ్వగానే 40320కి బదులు -25216 కనిపిస్తుంది. నేటి కంపైలర్లలో ఇంట్ నాలుగు బైట్లు, కాబట్టి 12 వరకు సరైన సమాధానమే వస్తుంది. పుస్తకంలోని అవుట్‌పుట్‌కూ మన ల్యాప్‌టాప్‌లోని అవుట్‌పుట్‌కూ తేడా వచ్చినప్పుడు విద్యార్థి తన తర్కంలో లోపం వెతుక్కుంటూ కూర్చుంటాడు గాని, తేడా ఇంట్ పరిమాణంలో ఉందని ఊహించడు. నలభై వేల పూర్ణాంకాల అరే కావాలంటే టర్బో ఒప్పుకోదు. ఒక అరే 64 కిలోబైట్లు దాటకూడదన్న హద్దు సీ భాషది కాదు, ఆనాటి ప్రాసెసర్ సెగ్మెంట్లది.

పాయింటర్ల విషయం ఇంకా చేటు తెచ్చేది. డాస్‌లో ఒక ప్రోగ్రాం మెమరీలో ఎక్కడ రాసినా అడ్డుకునేవారు ఉండరు. శూన్య పాయింటర్ చూపే చోట రాస్తే టర్బో ప్రోగ్రాం చివరి వరకు నడిచి, చివరన మాత్రం ‘నల్ పాయింటర్ అసైన్‌మెంట్’ అని ఒక్క వాక్యం చూపి ఊరుకునేది. ఏ వరుసలో జరిగిందో చెప్పేది కాదు. నేటి విండోస్, లినక్స్ అటువంటి ప్రోగ్రాంను సాధారణంగా అక్కడికక్కడే ఆపేస్తాయి. ల్యాబులో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇంట్లో కూలిపోతే కొత్త కంపైలర్‌ను తప్పుపట్టేవారు ఉన్నారు. అది కూలిపోవడమే మేలు.

సీ++ నేర్చుకునేవారికైతే టర్బో అసలు పనికిరాదు. సీ++కు తొలి అంతర్జాతీయ ప్రమాణం వెలువడినది 1998లో. టర్బో అంతకు ముందుది. నేమ్‌స్పేస్‌లు గాని, వెక్టర్, మ్యాప్ వంటి ప్రామాణిక కంటెయినర్లు గాని అందులో లేవు. ‘.హెచ్’ తగిలించిన ఐఓస్ట్రీమ్ హెడర్‌తో మొదలయ్యే ప్రోగ్రాంలు నేటి కంపైలర్లలో మొదటి వరుసలోనే ఆగిపోవడానికి కారణం ఇదే.

కళాశాల పరీక్ష టర్బోలోనే జరుగుతుందంటే దానికి తగినట్లు రాయక తప్పదు. ఇంట్లో ప్రామాణిక సీ రాసి, పరీక్షకు ముందు రెండు మూడు మార్పులు చేసుకోవడం కష్టమేమీ కాదు. మెయిన్ ఫంక్షన్‌కు వాయిడ్ బదులు ఇంట్ వాడి చివర సున్నా తిరిగివ్వడం టర్బోకూ సమ్మతమే. క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్‌ను ఇంట్లో తీసివేయవచ్చు. వేరియబుళ్లన్నింటినీ బ్లాక్ మొదట్లోనే ప్రకటిస్తే రెండు చోట్లా నడుస్తుంది. గ్రాఫిక్స్ ల్యాబు మాత్రం వేరు: దానికి కావలసిన గ్రాఫిక్స్ హెడర్ కొత్త కంపైలర్లతో రాదు. విన్‌బీజీఐ అనే అనుకరణ లైబ్రరీతో పాత గ్రాఫిక్స్ ప్రోగ్రాంలు కొన్నింటిని నడపవచ్చు; కొత్తగా రాసేవారు ఎస్‌డీఎల్, రేలిబ్ వంటి గ్రాఫిక్స్ లైబ్రరీలు నేర్చుకోవడం మేలు.

మూడు ప్రధాన కంపైలర్లు

నేడు ఉచితంగా దొరికి, నమ్మకంగా వాడదగిన సీ కంపైలర్లు విండోస్‌పై మూడు: జీసీసీ, క్లాంగ్, మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్‌వీసీ.

జీసీసీని గ్నూ ప్రాజెక్టు కోసం రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించారు. మొదటి విడుదల 1987లో జరిగింది. అంటే అది టర్బో సీకి ఈడుదే, కాని ఈనాటికీ ఏటా కొత్త వెర్షన్ వస్తోంది. లినక్స్ ప్రపంచమంతా దానిమీదనే పెరిగింది. దీనికి, పంచిపెట్టేటప్పుడు సోర్సు కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు ఉండడం వల్ల, దానితో కంపైల్ చేసిన తమ ప్రోగ్రాం సోర్సును కూడా బయటపెట్టాలేమోనని కొందరు సందేహిస్తారు. ఆ అవసరం లేదు. మన ప్రోగ్రాంలో కలిసే జీసీసీ రన్‌టైమ్ భాగాలకు ప్రత్యేక మినహాయింపు రాసి ఉంది. తయారైన ఎగ్జిక్యూటబుల్‌ను మనకు నచ్చిన షరతులతో అమ్ముకోవచ్చు కూడా. కంపైలర్‌నే, మార్చి గాని మార్చకుండా గాని, పంచిపెట్టేవారికి మాత్రమే జీపీఎల్ బాధ్యతలు వస్తాయి.

క్లాంగ్‌కు మూలం ఎల్ఎల్‌వీఎం అనే పరిశోధన ప్రాజెక్టు. అది 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆడ్వేల చేతుల మీదుగా మొదలైంది. క్లాంగ్ సోర్సు 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మొదటి నుంచి దాని పేరు నిలబెట్టినవి దోష సందేశాలే. తప్పు ఉన్న వరుసను చూపి, ఆ వరుసలో సరిగ్గా ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో బాణం గుర్తుతో చూపడం, వీలైతే సవరణను సూచించడం క్లాంగ్ అలవాటు. ఆ పోటీ వల్ల జీసీసీ సందేశాలూ చాలా మెరుగుపడ్డాయి. పదేళ్ల కిందట ఉన్నంత తేడా ఇప్పుడు లేదు. ఆండ్రాయిడ్‌కు సీలో రాసేవారికి గూగుల్ ఇచ్చే ఎన్‌డీకే అనే సాధనాల మూటలో 2018 నుంచి క్లాంగ్ ఒక్కటే ఉంది. దీని లైసెన్సు అపాచీ 2.0, కొన్ని మినహాయింపులతో. వాడేవారికి చిక్కులేమీ లేవు.

విండోస్‌లో క్లాంగ్‌తో ఒక తిరకాసు ఉంది. ఎల్ఎల్‌వీఎం వారి ఇన్‌స్టాలర్‌తో క్లాంగ్‌ను ఎక్కిస్తే, అది మైక్రోసాఫ్ట్ వారి హెడర్లు, లైబ్రరీలు ఇప్పటికే ఉన్నాయని అనుకుని పనిచేస్తుంది. అవి లేని కంప్యూటర్‌లో ఎస్‌టీడీఐఓ హెడర్ దొరకలేదనే సందేశమే మొదటి పలకరింపు అవుతుంది. కాబట్టి విజువల్ స్టూడియో లేనివారు క్లాంగ్‌ను, కింద చెప్పబోయే ఎంసిస్2 (విండోస్‌కు ఇటువంటి సాధనాలను ప్యాకేజీలుగా అందించేది) ద్వారా తెచ్చుకోవాలి. అందులో కావలసిన లైబ్రరీలు కలిసే వస్తాయి.

ఎంఎస్‌వీసీ విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్‌తో వస్తుంది. దీనికి డబ్బు కట్టనక్కరలేదు గాని సోర్సు తెరిచి లేదు, వాడకానికి షరతులున్నాయి. విడిగా పనిచేసే వ్యక్తులు దానితో డబ్బు వచ్చే పని కూడా చేసుకోవచ్చు. తరగతి గది బోధనకు, విద్యా పరిశోధనకు, ఓపెన్ సోర్సు పనికి పరిమితి లేదు. చిన్న సంస్థల్లో ఐదుగురికి మించి వాడకూడదు. 250 కంప్యూటర్లు గాని, ఏటా పది లక్షల డాలర్ల రాబడి గాని దాటిన సంస్థలో మామూలు ఉద్యోగ పనికి అసలు వాడకూడదు. కాలేజీలో ఉచితంగా వాడినదాన్ని ఉద్యోగంలో చేరిన మరునాడు ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించబోయేవారు ఈ షరతును చదువుకోవాలి.

సీ భాష వరకే చూస్తే ఎంఎస్‌వీసీని మొదటి కంపైలర్‌గా నేను సూచించను. దాని దృష్టి ప్రధానంగా సీ++ మీద ఉంటుంది. 2011 నాటి సీ ప్రమాణానికి దానిలో మద్దతు వచ్చింది 2020లో. పరిమాణాన్ని నడిచేటప్పుడు నిర్ణయించే అరేలను అది ఈనాటికీ ఒప్పుకోదు. స్కాన్ఎఫ్ వాడగానే అది సురక్షితం కాదని, దాని బదులు స్కాన్ఎఫ్-ఎస్ వాడమని చెబుతుంది. ఆ సలహా పాటిస్తే మన ప్రోగ్రాం లినక్స్‌లోని జీసీసీలో నడవదు. వీటికి తోడు ఇన్‌స్టాలేషన్ అనేక గిగాబైట్లు తింటుంది. మరోవైపు దాని డీబగ్గర్‌కు సాటి వచ్చేది ఉచిత సాధనాల్లో లేదన్నది నా అంచనా. విండోస్ అప్లికేషన్లు, ఆటలు తయారుచేసే ఉద్యోగాల వైపు చూస్తున్నవారు, సీ++ లోతుగా నేర్చుకోబోయేవారు దీన్ని తప్పక ఎక్కించుకోవచ్చు.

ఫాబ్రిస్ బెల్లార్డ్ రాసిన టైనీ సీసీ అనే బుల్లి కంపైలర్ కూడా ఉంది. మెరుపు వేగంతో కంపైల్ చేసి వెంటనే నడిపిస్తుంది గాని, హెచ్చరికల విషయంలో పై మూడింటికీ సాటి రాదు. సరదాకు చూడదగినది.

ప్రమాణం సంగతి

సీ భాష 1989లో అమెరికాలో ప్రమాణీకరణ పొందింది. ఆ తరువాత 1999, 2011, 2018లలోనూ, చివరిగా 2024లోనూ సవరణలు వెలువడ్డాయి. 2018 నాటిదాన్ని సీ17 అని, చివరిదాన్ని సీ23 అని వ్యవహరిస్తారు. ఏ ప్రమాణం ప్రకారం చదవాలో మనం చెప్పకపోతే కంపైలర్ తనకు తానే ఒకటి అనుకుంటుంది, అది వెర్షన్‌ను బట్టి మారుతుంది. జీసీసీ 8 నుంచి 14 వరకు సీ17ను అనుకునేది. 2025లో వచ్చిన జీసీసీ 15 సీ23ను అనుకుంటుంది. సీ23లో బూల్, ట్రూ, ఫాల్స్ అనేవి భాషలోని కీవర్డులే అయ్యాయి కాబట్టి, బూల్ అనే పేరును సొంతంగా నిర్వచించుకున్న పాత ప్రోగ్రాంలు కొత్త జీసీసీలో ఆగిపోతాయి. అదేవిధంగా హెడర్ చేర్చకుండా ఫంక్షన్‌ను పిలిస్తే ఇదివరకు హెచ్చరికతో సరిపెట్టిన జీసీసీ, 14వ వెర్షన్ నుంచి దాన్ని దోషంగానే లెక్కించి ఆపేస్తోంది. క్లాంగ్ అంతకు ముందే, 16వ వెర్షన్ నుంచి, ఆ పని మొదలుపెట్టింది. పాత పాఠ్యపుస్తకాల్లో ఇటువంటి ప్రోగ్రాంలు కోకొల్లలు. అందుచేత కంపైల్ చేసే ప్రతిసారీ ‘ఎస్‌టీడీ’ ఆప్షన్‌తో ప్రమాణాన్ని స్పష్టంగా చెప్పడం అలవాటు చేసుకోవాలి. విద్యార్థులకు సీ17 సరిపోతుంది.

విండోస్‌లో ఎక్కించుకోవడం

ఇంటర్నెట్ సదుపాయం బాగా ఉన్నవారికి ఎంసిస్2 సరైన దారి. దాని అధికారిక సైటు నుంచి ఇన్‌స్టాలర్‌ను దించుకుని, అది సూచించే ఫోల్డర్‌నే ఉంచండి. ఫోల్డర్ పేరులో ఖాళీలు గాని, తెలుగు అక్షరాలు గాని ఉండకూడదు. పూర్తయ్యాక స్టార్ట్ మెనూలో ఎంసిస్2 పేరుతో నాలుగైదు టెర్మినళ్లు కనిపిస్తాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తెరవవలసింది యూసీఆర్‌టీ64 అని ఉన్నదాన్ని. ఎంసిస్ అని మాత్రమే ఉన్న టెర్మినల్‌లో, జీసీసీ అనే పొట్టి పేరుతో ప్యాకేజీని ఎక్కించుకుంటే, దానితో తయారైన ప్రోగ్రాం ఎంసిస్ వారి డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైలు) లేకుండా మరొక కంప్యూటర్‌లో నడవదు. ప్యాక్‌మ్యాన్ అనే కమాండ్‌తో ముందుగా జాబితాలను తాజా చేసుకుని, తరువాత పేరులో మింగ్‌డబ్ల్యూ, యూసీఆర్‌టీ అనే మాటలు ఉండి జీసీసీతో ముగిసే పెద్ద పేరు గల ప్యాకేజీని ఎక్కించాలి. అదే తరహా పేరుతో ఉండే జీడీబీ డీబగ్గర్‌నూ వెంటనే ఎక్కించుకోండి. క్లాంగ్ కావలసినవారు క్లాంగ్64 అనే టెర్మినల్‌ను తెరిచి దాని ప్యాకేజీని తెచ్చుకోవాలి.

తరువాత యూసీఆర్‌టీ64 ఫోల్డర్‌లోని ‘బిన్’ ఫోల్డర్ చిరునామాను విండోస్ సెట్టింగుల్లో పాత్ అనే జాబితాకు చేర్చాలి. అప్పుడే విఎస్ కోడ్‌కూ మామూలు కమాండ్ ప్రాంప్ట్‌కూ కంపైలర్ కనిపిస్తుంది. చేర్చాక పాత కిటికీలను మూసి కొత్తగా తెరిచి, జీసీసీ అని, ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లతో వెర్షన్ అని టైపు చేయండి. మీరు ఎక్కించిన వెర్షన్ కాకుండా పాతదేదో కనిపిస్తే, ఇంతకుముందు డెవ్-సీ++ లేదా కోడ్‌బ్లాక్స్‌తో వచ్చిన జీసీసీ పాత్‌లో ముందు వరుసలో ఉందన్నమాట. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ జీసీసీ’ అని అడిగితే ఎన్ని జీసీసీలు ఎక్కడెక్కడ ఉన్నాయో వరుసగా చూపిస్తుంది. మొదట కనిపించేదే నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని కాలేజీ కంప్యూటర్లకు, డేటా పొదుపుగా వాడుకునేవారికి డబ్ల్యూ64డెవ్‌కిట్, విన్‌లిబ్స్ అనే మూటలు అనుకూలం. దించుకుని విప్పితే చాలు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లి ఏ కంప్యూటర్‌లోనైనా నడపవచ్చు. నా దృష్టిలో మొదటి సంవత్సరం విద్యార్థికి ఇంతకన్నా తేలికైన మార్గం లేదు. వెతుకుతున్నప్పుడు 2018 నాటి జీసీసీ 8.1 దగ్గరే ఆగిపోయిన మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 పాత ఇన్‌స్టాలర్ కూడా తరచు ఎదురవుతుంది. చాలా వీడియోలు ఇప్పటికీ దాన్నే చూపిస్తున్నాయి, దాన్ని వదిలేయండి. డెవ్-సీ++ విషయంలోనూ విడుదల తేదీ చూడనిదే దించుకోవద్దు: 2005 నాటి మూటలో జీసీసీ 3.4, 2015 నాటి మూటలో 4.9 ఉన్నాయి.

ఎనిమిది జీబీ ర్యామ్ ఉండి, ముందు ముందు లినక్స్ నేర్చుకోవాలనుకునేవారికి విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ మరొక దారి. అందులో ఉబుంటును ఎక్కించి, బిల్డ్-ఎసెన్షియల్ అనే ఒక్క ప్యాకేజీ తెచ్చుకుంటే జీసీసీ, లైబ్రరీలు, మేక్ అన్నీ వస్తాయి. నేరుగా ఉబుంటు వాడేవారికీ ఇదే ప్యాకేజీ. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్‌లైన్ టూల్స్ ఎక్కించుకోవాలి. అక్కడ జీసీసీ అని టైపు చేసినా పలికేది ఆపిల్ వారి క్లాంగే. కంప్యూటర్ లేక ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే నేర్చుకునేవారు టెర్మక్స్ అనే యాప్‌లో క్లాంగ్‌ను ఎక్కించుకోవచ్చు. అది ఫోన్‌లోనే కంపైల్ చేస్తుంది కాబట్టి నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఎంచుకున్నదాన్ని పరీక్షించడం

కంపైలర్ ఎక్కగానే ‘హలో వరల్డ్’ నడిచిందని తృప్తి పడకండి. అది టర్బోలోనూ నడుస్తుంది. తప్పులున్న ప్రోగ్రాంలను కావాలని ఇచ్చి చూడాలి. జీసీసీ, క్లాంగ్‌లకు ‘డబ్ల్యూ-ఆల్’, ‘డబ్ల్యూ-ఎక్స్‌ట్రా’ అనే రెండు ఆప్షన్లు ఇవ్వండి. ఇవి లేకపోతే రెండూ చాలా తప్పులను చూసీ చూడనట్లు వదిలేస్తాయి. ఎంఎస్‌వీసీలో ఈ పని హెచ్చరికల స్థాయిని 4కు పెంచితే జరుగుతుంది.

మొదటి పరీక్షగా స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఉండవలసిన ఆంపర్సాండ్ గుర్తును తీసివేసి కంపైల్ చేయండి. కొత్తగా సీ నేర్చుకునేవారు ఎక్కువగా చేసే తప్పు ఇదే. జీసీసీ, క్లాంగ్ రెండూ పాయింటర్ ఉండవలసిన చోట పూర్ణాంకం ఇచ్చారని వరుస సంఖ్యతో సహా హెచ్చరిస్తాయి. డబుల్ విలువను పర్సెంట్-డి తో ముద్రించినా అంతే. టర్బోకు ఫార్మాట్ స్ట్రింగును పరిశీలించే శక్తి లేదు; చెత్త విలువ వచ్చినప్పుడు అది ఎందుకు వచ్చిందో విద్యార్థే కనిపెట్టుకోవాలి.

రెండవది మన పరీక్షాపత్రాలకూ ప్లేస్‌మెంట్ రాత పరీక్షలకూ బాగా ఇష్టమైన ప్రశ్న. ఐ విలువ 5 అయితే ‘ఐ++ + ++ఐ’ విలువ ఎంత? నాలుగు ఐచ్ఛికాలిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. సీ ప్రమాణం ప్రకారం ఒకే వ్యక్తీకరణలో, క్రమం నిర్ణయించకుండా, ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు మార్చడం నిర్వచనం లేని పని. దానికి సరైన సమాధానం అంటూ లేదు. కంపైలర్ ఏ విలువైనా ఇవ్వవచ్చు, ఆప్టిమైజేషన్ పెంచితే మరొకటి ఇవ్వవచ్చు. పై ఆప్షన్లతో కంపైల్ చేస్తే జీసీసీ, క్లాంగ్ రెండూ ఈ వరుస దగ్గర అభ్యంతరం చెబుతాయి. పరీక్షలో ఆశించిన ఐచ్ఛికాన్నే గుర్తించండి గాని, మీ ప్రోగ్రాంలో మాత్రం అటువంటి వరుస రాయకండి. ఈ ఒక్క కారణం చాలు, కంప్యూటర్‌లో రెండు కంపైలర్లు ఉంచుకోవడానికి: ఒకే ప్రోగ్రాంకు జీసీసీ ఒక సమాధానం, క్లాంగ్ మరొక సమాధానం ఇస్తే లోపం దాదాపు ఎప్పుడూ ప్రోగ్రాంలోనే ఉంటుంది.

మూడవది, పది అంకెల అరేలో పదకొండవ స్థానంలో రాసి చూడడం. సూచిక విలువ నడిచేటప్పుడు గాని తేలనప్పుడు కంపైల్ దశలో దీన్ని పట్టుకోవడం కష్టం. అడ్రస్ శానిటైజర్ అనే సదుపాయాన్ని జోడించి కంపైల్ చేస్తే, నడిచేటప్పుడు హద్దు దాటిన క్షణంలోనే ప్రోగ్రాంను ఆపి, ఫైలు పేరు, వరుస సంఖ్య చూపిస్తుంది. విండోస్ ఎంపికలో దీని ప్రాధాన్యం ఎక్కువ, ఎందుకంటే మింగ్‌డబ్ల్యూ జీసీసీలో ఈ సదుపాయం లేదు. ఎంసిస్2లోని క్లాంగ్64లో ఉంది, ఎంఎస్‌వీసీలో ఉంది, డబ్ల్యూఎస్ఎల్‌లోని జీసీసీలో ఉంది. డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టు మొదలై లింక్డ్ లిస్టులు, ట్రీలు రాసే సమయానికి వీటిలో ఏదో ఒకటి అమర్చుకోండి. పాయింటర్ దోషాల కోసం రాత్రంతా వెతికే పని చాలావరకు తగ్గుతుంది.

నాలుగవది పరిమాణాలు. ఇంట్, లాంగ్, పాయింటర్‌ల పరిమాణాన్ని సైజ్ఆఫ్‌తో ముద్రించండి. 64-బిట్ విండోస్‌లో లాంగ్ నాలుగు బైట్లు, 64-బిట్ లినక్స్‌లో ఎనిమిది. ఇంట్లో విండోస్ మీద రాసి, లినక్స్ సర్వర్లపై నడిచే పోటీ సైట్లకు పంపేవారు పెద్ద సంఖ్యలకు లాంగ్ లాంగ్ వాడితే రెండు చోట్లా ఒకే ఫలితం వస్తుంది. సీ++ పోటీల్లో అందరూ రాసే ‘బిట్స్’ హెడర్ జీసీసీ సొంతమని, ఎంఎస్‌వీసీలో లేదని కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

చివరి పరీక్ష మన భాషతో. ‘తెలుగు’ అనే మాటను స్ట్రింగుగా ఉంచి, ఎస్‌టీఆర్‌లెన్‌తో పొడవు అడగండి. ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రమై ఉంటే సమాధానం 18 రావాలి: మూడు అక్షరాలు, మూడు గుణింతపు గుర్తులు, ఒక్కొక్కదానికి మూడు బైట్లు. జీసీసీ, క్లాంగ్ సోర్సును యూటీఎఫ్-8గానే చదువుతాయి. ఎంఎస్‌వీసీకి మాత్రం ఆ సంగతి ఒక ప్రత్యేక ఆప్షన్‌తో చెప్పాలి; లేకపోతే విండోస్‌లో అమరి ఉన్న పాత కోడ్‌పేజీని అనుసరించి చదివి అక్షరాలను తారుమారు చేయగలదు. తెర మీద డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తే వెంటనే కంపైలర్‌ను అనుమానించవద్దు. కన్సోల్ కోడ్‌పేజీని 65001కి మార్చి చూడండి, లేదా అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ అక్షరాలు సరిగా ఉంటే తేడా తెరదే.

ఈ పరీక్షలన్నీ అయ్యాక, సెమిస్టర్ ముగిసేవరకు ఒకే వెర్షన్‌తో పనిచేయండి. ప్యాక్‌మ్యాన్ తాజా చేసినప్పుడల్లా జీసీసీ పెద్ద వెర్షన్ మారిపోయే అవకాశం ఉంది. ప్రాజెక్టు సమర్పణకు ముందు వారంలో ఆ పని పెట్టుకోవద్దు. రిపోర్టులో కంపైలర్ పేరు, వెర్షన్, ఇచ్చిన ఆప్షన్లు ఒక వరుసలో రాస్తే, దాన్ని దిద్దే అధ్యాపకులు తమ కంప్యూటర్‌లో వేరే ఫలితం చూసినప్పుడు కారణం వెతకడానికి అదే ఆధారమవుతుంది.